యాంకీస్ 9 హోమ్ రన్లు: ఆటగాళ్ల గొప్పా, బ్యాట్ గొప్పా?

బ్రాంక్స్ బుల్లోడు, ఏప్రిల్ 1
2025 మార్చి 29 శనివారం మా న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ మ్యాచ్ చూడనివాళ్ల కోసం ముందు జరిగింది చెప్తాను. అవతలి జట్టు బ్రూవర్స్ తరఫున పిచర్‌గా, అంటే బంతి వేయడానికి, దిగింది నెస్టర్ కోర్టెస్. మొన్నటిదాకా మావాడే. అతను వేసిన మొదటి మూడు బంతులూ స్టాండ్స్‌లోకే పోయాయి. కొట్టింది మా గోల్డ్‌ష్మిట్, బెలింజర్, జడ్జ్, వరసగా. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూనే ఉన్నారు. ఆఖరికి 20-9. మొత్తం తొమ్మిది హోమ్ రన్లు. ఒక్క మ్యాచ్‌లో ఇన్ని కొట్టడం యాంకీస్ చరిత్రలోనే లేదు.

సాయంత్రానికల్లా ఏడుపులు మొదలయ్యాయి. మావాళ్లు కొందరు టార్పెడో బ్యాట్ వాడుతున్నారట, అది తొండి అట. ఎక్కడ తొండి? రూల్ ప్రకారం బ్యాట్ ఒకే చెక్కతో చేయాలి, లావు 2.61 అంగుళాలు, పొడవు 42 అంగుళాలు దాటకూడదు. ఇది ఏదీ దాటలేదు. చివర ఉండే లావుని కాస్త చేతుల వైపు జరిపారు, అంతే. మా వోల్పీకి బంతి ఎక్కువగా బ్యాట్ మీది కంపెనీ ముద్ర దగ్గర తగులుతోందని లెక్క తీశారు, తగిలే చోటే చెక్క ఎక్కువ ఉండేలా చేయించారు. ఈ ఆలోచన ఆరన్ లీన్‌హార్ట్‌ది. ఎంఐటీలో ఫిజిక్స్ డాక్టరేట్ చేసినాయన, అప్పుడు మా క్లబ్బులో ఉండేవాడు, తర్వాత మార్లిన్స్ జట్టుకి మారాడు. నాకు ఇందులో తెలివే కనిపిస్తోంది. మీరేమంటారు?

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 1
ముమ్మాటికీ తొండే. నిన్న సిన్సినాటిలో మా రేంజర్స్‌ని రెడ్స్ 14-3తో ఉతికి ఆరేశారు. ఎల్లీ డి లా క్రూజ్ మ్యాచ్‌లో మొదటిసారి ఆ బ్యాట్ పట్టుకుని రెండు హోమ్ రన్లు కొట్టాడు, ఏడు రన్లు ఒక్కడే రాబట్టాడు. ఆదివారం దాకా లేని బలం సోమవారం ఎక్కణ్ణుంచి వచ్చింది? బ్రూవర్స్ పిచర్ ట్రెవర్ మెగిల్ కూడా అదేదో సాఫ్ట్‌బాల్ ఆడే బ్యాట్‌లా ఉందన్నాడు. పిచర్‌కి బంతి మార్చుకునే వీలుందా? కాస్త జిగురు రాసుకుంటే మ్యాచ్ లోంచి పంపేస్తారు. బ్యాటర్‌కి మాత్రం ఫిజిక్స్ డాక్టర్ కావాలి.

దారిన పోయేవాడు, ఏప్రిల్ 1
హోమ్ రన్ అంటే సిక్సరే కదా? దానికింత గొడవేంటి బాబూ.

లెక్కల మాష్టారు, ఏప్రిల్ 2
162 మ్యాచ్‌ల సీజన్‌లో మూడు నాలుగు మ్యాచ్‌లు చూసి బ్యాట్ గురించి తేల్చేస్తున్నారు. 2006లో టైగర్స్ ఆటగాడు క్రిస్ షెల్టన్ మొదటి 13 మ్యాచ్‌లలో 9 హోమ్ రన్లు కొట్టాడు. రికార్డులన్నీ బద్దలే అన్నారు. ఏడాది మొత్తం కలిపి 16 కొట్టాడు, మధ్యలో కింది స్థాయి మైనర్ లీగ్‌కి కూడా వెళ్లొచ్చాడు. 1994లో టఫీ రోడ్స్ సీజన్ మొదటి రోజే డ్వైట్ గూడెన్ బంతుల మీద మూడు కొట్టాడు, ఆ ఏడాది మొత్తం 8. వాళ్లిద్దరి చేతిలో టార్పెడో ఉందా? 2023లో రేస్ జట్టు మొదటి 13 మ్యాచ్‌లూ గెలిచి, అక్టోబర్ నాకౌట్లలో మొదటి మెట్టు మీదే మీ రేంజర్స్ చేతిలో ఓడారు. మీవాళ్లు కప్పు తెచ్చుకున్నారు. అది మర్చిపోయారా అల్లుడు గారూ?

ఇంకోటి. శనివారం మూడు హోమ్ రన్లు కొట్టిన జడ్జ్ వాడింది మామూలు బ్యాటే. 2022లో 62, నిరుడు 58 కొట్టిందీ మామూలు బ్యాట్‌తోనే.

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 2
జడ్జ్‌ని అడ్డం పెట్టుకోకండి. అతను చీపురుకట్టతో కూడా కొడతాడు. మిగతా ఆరు ఎవరివి? గోల్డ్‌ష్మిట్, బెలింజర్, వెల్స్, వోల్పీ, చిజమ్, పెరాజా. మొదటి ఐదుగురి చేతిలోనూ టార్పెడోనే. తొమ్మిదిలో ఐదు. ఆ లెక్క చెప్పరేం?

లెక్కల మాష్టారు, ఏప్రిల్ 2
ఆ ఐదుగురికీ బంతి వేసింది బ్రూవర్స్. సగం మంది పిచర్లు గాయాలతో బయట కూర్చున్న జట్టు. ఆ లెక్క మీరు చెప్పరేం?

గుంటూరు గూగ్లీ, ఏప్రిల్ 2
క్రికెట్‌లో ఈ పంచాయితీ ఎప్పుడో అయిపోయింది. 1979లో పెర్త్ టెస్టులో లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగాడు. బంతి షేపు పోతోందని ఇంగ్లండ్ కెప్టెన్ బ్రియర్లీ అంపైర్లతో గొడవపెట్టుకుంటే లిల్లీ దాన్ని గ్రౌండ్‌లోనే విసిరేశాడు. ఆ తర్వాత బ్యాట్ చెక్కదే ఉండాలని రూల్‌లో రాశారు. 2017లో అంచు 40 మిల్లీమీటర్లు, లోతు 67 మిల్లీమీటర్లు మించకూడదని కొలత కూడా పెట్టారు. అయినా సన్‌రైజర్స్ 286 కొట్టారు. కొట్టేవాడు కొడతాడు.

నల్లకుంట నాని, ఏప్రిల్ 2
286 కొట్టాక జరిగింది కూడా చెప్పన్నా. లక్నోతో ఓడాం, వైజాగ్‌లో ఢిల్లీకి 163 ఆలౌట్.

బ్రాంక్స్ బుల్లోడు, ఏప్రిల్ 3
చర్చ క్రికెట్ వైపు పోతోంది, వెనక్కి రండి. అల్లుడు అన్నా, ఒక మాట అడుగుతాను. డి లా క్రూజ్ సోమవారం ఏడు రన్లు రాబట్టాడన్నావు. మంగళవారం, బుధవారం మీ రేంజర్స్ రెండు మ్యాచ్‌లూ 1-0తో గెలిచారు. రెడ్స్ ఒక్క రన్ కూడా చేయలేదు. బ్యాట్‌లో ఉన్న మహిమ ఒక్క రాత్రిలో ఆవిరైపోయిందా?

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 3
మా పిచర్లు బాగా వేశారు. అది ఆటంటే.

బ్రాంక్స్ బుల్లోడు, ఏప్రిల్ 3
ఓహో. మీరు గెలిస్తే ఆట, ఓడితే బ్యాటు.

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 3
ఆట చూడకుండా టీవీలో ముక్కలు చూసి మాట్లాడేవాళ్లతో ఇదే ఇబ్బంది. రెడ్ సాక్స్ మొదటి సిరీస్ ఇక్కడే ఆడారు, గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌లో. నేను మూడో బేస్ వైపు పై వరసలో కూర్చున్నాను. వాళ్ల డెవర్స్‌ని చూశాను. 313 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఉన్న ఆటగాడు. నాలుగు మ్యాచ్‌లలో 16 సార్లు కొట్టబోయి ఒక్క హిట్ లేదు, 12 స్ట్రైకౌట్లు, అంటే బంతిని ఆడలేకే ఔట్. ప్రతిసారీ డగౌట్‌కి నడుస్తూ బ్యాట్ పిడి వైపు చూసుకునేవాడు. పిచర్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బ్రెగ్‌మన్ అనే ఇంకో ఆటగాణ్ణి తెచ్చి ఇతన్ని మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్ నుంచి తీసేశారు, నువ్వు బ్యాటింగ్ మాత్రం చెయ్యి చాలన్నారు. మనిషి మనసు విరిగిపోయింది. అది ఏ అంకెల్లో కనిపిస్తుంది మాష్టారూ?

లెక్కల మాష్టారు, ఏప్రిల్ 3
నిన్న బాల్టిమోర్‌లో డబుల్ కొట్టాడు. మనసు అతుక్కుందా?

మీరు ఒకేసారి రెండు మాటలు మాట్లాడుతున్నారు. యాంకీస్ నాలుగు రోజుల్లో బాగా ఆడితే అది బ్యాట్ వల్ల. డెవర్స్ నాలుగు రోజుల్లో బాగా ఆడకపోతే అది మనసు వల్ల. రెండూ కాకపోవచ్చు. నాలుగు రోజులు నాలుగు రోజులే. బ్యాటింగ్ యావరేజ్‌ని నమ్మాలంటే వందల సార్లు బ్యాటింగ్‌కి దిగాలి. స్ట్రైకౌట్ల శాతానికైనా ఓ అరవై సార్లు కావాలి. 2019లో నేషనల్స్ జట్టు 19 గెలుపులు, 31 ఓటములతో మొదలుపెట్టి వరల్డ్ సిరీస్ గెలిచారు. మే నెలలో మీలాంటివాళ్లే మేనేజర్‌ని తీసెయ్యమన్నారు.

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 3
ఇవి పెద్దవాళ్లకి చెప్పే మాటలు. పిల్లల దగ్గర ఈ ఓపిక ఎవరికీ ఉండదు.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఇక్కడి ఒక ట్రావెల్ క్లబ్బులో, అంటే ఊళ్లు తిరిగి ఆడే జట్టులో, ఉన్నాడు, పేరు వద్దులెండి. సెలెక్షన్ రోజు స్టాండ్ మీద బంతి పెట్టి కొట్టించారు, రాడార్‌తో ఎగ్జిట్ వెలాసిటీ, అంటే బ్యాట్ తగిలాక బంతి పోయే వేగం, కొలిచి కాగితం మీద రాసుకున్నారు. ఎవరి బ్యాట్ వాళ్లు తెచ్చుకోవాలి. మావాడిది నిరుడు కొన్న అల్యూమినియం బ్యాట్. పక్క పిల్లాడి చేతిలో నాలుగు వందల డాలర్లు దాటిన కాంపోజిట్ (కార్బన్ పోగులతో చేసిన బ్యాట్), అప్పటికే బాగా కొట్టి కొట్టి పదును తేల్చింది. ఆ రకం కొత్తగా ఉన్నప్పటికంటే వాడిన కొద్దీ బంతిని ఎక్కువ తంతుందని మీకు తెలుసుగా. వాడికి మావాడి కంటే గంటకి ఆరు మైళ్లు ఎక్కువ వచ్చింది. సీజన్ మొదలై రెండు వారాంతాలు కాకముందే మావాడిని బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఫీజు మాత్రం ఏడాదికి కట్టేశాం. బ్యాట్ వల్ల తేడా రాదని నాకు ఇంకోసారి చెప్పకండి.

బ్రాంక్స్ బుల్లోడు, ఏప్రిల్ 3
అదీ సంగతి! మూడు రోజుల నుంచి యాంకీస్ మీద ఏడుస్తున్నది ఇందుకా? మీవాడికి బంతి తగలకపోతే జాజ్ చిజమ్ ఏం చేస్తాడన్నా?

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 3
నోరు అదుపులో పెట్టుకో. నీకు పిల్లలుంటే తెలుస్తుంది. సొమ్మున్న క్లబ్బు, సొమ్మున్న తండ్రి ఒకటే జాతి. గెలిచాక తెలివి అంటారు.

నిర్వాహకుడు, ఏప్రిల్ 3
ఇంట్లో పిల్లల దాకా వెళ్లకండి. బుల్లోడు గారూ, ఇది హెచ్చరిక.

ఎడిసన్ అక్క, ఏప్రిల్ 4
నేను మామూలుగా చదివి పోతాను, ఈసారి ఊరుకోలేకపోతున్నాను. మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. అల్లుడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చలి రోజుల్లో కాంపోజిట్ బ్యాట్ పగులుతుందని రెండో బ్యాట్ కూడా కొనిపిస్తారు. దానికి తోడు బ్యాగు, ప్రైవేట్ కోచింగ్, టోర్నమెంట్‌కి హోటలు. మా వీధిలో ఒక పిల్ల నాకు తెలిసి అందరికంటే బాగా విసురుతుంది, స్కూల్ జట్టు దాటి బయటికి రాలేదు.

కానీ అల్లుడు గారూ, మీరు కొట్లాడాల్సింది బుల్లోడితో కాదు. మాష్టారు మొన్న వేరే చర్చలో తానే ఒక పిల్లల జట్టుకి అసిస్టెంట్ కోచ్‌నని రాశారు. రాడార్ పట్టుకునేది ఆయనే. ఆయన్ని అడగండి.

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 4
నిజమా మాష్టారూ?

లెక్కల మాష్టారు, ఏప్రిల్ 4
నిజమే, దాచలేదు. వివరంగా చెప్తాను.

పిల్లల్ని హిట్లు చూసి ఎంచను. రెండు వారాంతాల్లో ఒక పిల్లాడు ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి దిగుతాడు? పది పదిహేను. అందులో రెండు బంతులు ఫీల్డర్ చేతికి పోతే సున్నా, రెండు గ్యాప్‌లో పడితే హీరో. అది చూసి బెంచ్ మీద కూర్చోబెట్టిన కోచ్‌ది తప్పే, ఆ మాట గట్టిగా చెప్తాను. ఎంత గట్టిగా కొట్టాడన్నది మాత్రం కొద్ది బంతుల్లోనే తెలిసిపోతుంది. అందుకే కొలుస్తాను. కొలవకపోతే ఏం జరుగుతుందో చూశాను. కోచ్ స్నేహితుడి కొడుకు అందరూ కోరుకునే షార్ట్‌స్టాప్‌లో, మన పిల్లలు బంతి అరుదుగా వచ్చే రైట్ ఫీల్డ్‌లో. ఇండియన్ పిల్లాడు కాబట్టి బలం ఉండదని ముందే అనేసుకుంటారు. రాడార్‌కి మొహం కనిపించదు.

ఇక బ్యాట్ సంగతి. మా సెలెక్షన్‌లో అందరూ నా బ్యాట్‌తోనే కొడతారు. 31 అంగుళాలు ఒకటి, 29 ఒకటి. ఎత్తుని బట్టి ఇస్తాను. సొంత బ్యాట్లు కారులోనే.

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 4
అంటే మీరు కూడా బ్యాట్ వల్ల తేడా వస్తుందనే ఒకే బ్యాట్ ఇస్తున్నారు! మూడు రోజుల నుంచి నాకు షెల్టన్, రోడ్స్ కథలు చెప్పారు. మీ గ్రౌండ్‌లో మాత్రం ఆ కథలు పనికిరాలేదు.

లెక్కల మాష్టారు, ఏప్రిల్ 4
తేడా లేదని నేను ఎక్కడా అనలేదు. నాలుగు మ్యాచ్‌లు చూసి ఎంత తేడానో చెప్పలేమన్నాను. పైగా పోలిక కుదరదు. మీవాడు, పక్క పిల్లాడు పట్టుకున్నవి లోహం ఒకటి, కాంపోజిట్ ఒకటి. టార్పెడో అదే చెక్క, రూపం వేరు. బయట రెండు వందల డాలర్ల చిల్లరకి అమ్ముతున్నారు. మీ పక్క పిల్లాడి బ్యాట్‌లో సగం. డి లా క్రూజ్‌కి కావాలంటే దొరికింది, రేపు మీ రేంజర్స్ ఆటగాడు లాంగ్‌ఫర్డ్‌కీ దొరుకుతుంది. మీ అబ్బాయికి ఆ రోజు దొరకలేదు. నా అభ్యంతరం అక్కడ ఉంది, యాంకీస్ దగ్గర లేదు.

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 4
దొరకడం సరే. ఎవరికి ఎక్కడ తగులుతోందో లెక్క తీసి ఇచ్చే మనిషి ఎవరి దగ్గర ఉంటాడు? చెక్క అందరూ కొంటారు, ఆ లెక్క కొనేది సొమ్మున్నవాడే.

ఎడిసన్ అక్క, ఏప్రిల్ 4
ఇది మొదటి రోజే రాసి ఉంటే బాగుండేది.

గుంటూరు గూగ్లీ, ఏప్రిల్ 14
ఈ చర్చ ఆగిపోయిందనుకున్నాను గానీ నిన్న ఐపీఎల్ చూశారా? మ్యాచ్ మధ్యలో అంపైర్లు జేబులోంచి గేజ్ తీసి బ్యాట్లు కొలిచారు. జైపూర్‌లో హెట్‌మయర్‌ది, సాల్ట్‌ది, రాత్రి ఢిల్లీలో హార్దిక్‌ది. గేజ్‌లో దూరితే ఆట, లేకపోతే వేరే బ్యాట్. మీ మేజర్ లీగ్ వాళ్లు కూడా అదే పని చేస్తే గొడవ ఉండదు.

బ్రాంక్స్ బుల్లోడు, ఏప్రిల్ 14
టార్పెడో గేజ్‌లో హాయిగా దూరుతుంది గూగ్లీ అన్నా. మొదటి పోస్టులోనే రాశాను. ఎవరూ చదవరు.

నల్లకుంట నాని, ఏప్రిల్ 14
మొన్న అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టాడు. ఆయన బ్యాట్ జోలికి మాత్రం రాకండి, నాలుగు వరస ఓటముల తర్వాత ఇప్పుడే ఊపిరి ఆడుతోంది.

ఎడిసన్ అక్క, ఏప్రిల్ 14
అల్లుడు గారూ, మా అన్నయ్య వాళ్లు ఫ్రిస్కోలో ఉంటారు. వాళ్లబ్బాయి హైస్కూల్‌కి వెళ్లాడు, పాత కాంపోజిట్ మూల పడి ఉంది. 30 అంగుళాలు, మైనస్ 10, అంటే బరువు 20 ఔన్సులు. కావాలంటే మెసేజ్ పెట్టండి, డబ్బులేం వద్దు.

అర్లింగ్టన్ అల్లుడు, ఏప్రిల్ 14
థాంక్స్ అక్కా. పొడవు సరిపోతుంది, బరువు వాడు పట్టుకుని చూడాలి. శనివారం వెళ్తాం, అడ్రస్ మెసేజ్‌లో పెట్టండి. మాష్టారూ, మీ జట్టు సెలెక్షన్ ఎప్పుడో కూడా చెప్పండి, మావాడిని తీసుకొస్తాను. మీ బ్యాట్‌తోనే కొట్టించండి.

అన్నట్టు ఆ తొమ్మిదిలో పెరాజా కొట్టింది ఏ బ్యాట్‌తో? రెండు వారాలైంది, ఒక్కరూ చెప్పలేదు.