నాటుకోడి గుడ్లు: గంపలోనా, ఫ్రిజ్‌లోనా?

తణుకు పెరడు: పెరట్లో గుడ్లు తిన్నదానికన్నా ఎక్కువే వస్తున్నాయి. కడిగి ఫ్రిజ్‌లో పెట్టాలని పిల్లలు, కడగకుండా గంపలో ఉంచాలని అత్తగారు. ఎవరి మాట వినాలి? పాతవీ కొత్తవీ కలిసిపోకుండా మీరు ఎలా చూసుకుంటున్నారు?

నల్గొండ రైతు: అత్తగారి మాటే సరైనది. గుడ్డు పెంకుకు వేల సన్నని రంధ్రాలుంటాయి. పెట్టినప్పుడే పైన ఏర్పడే పలుచని పొర వాటిని మూసి ఉంచుతుంది. కడిగితే ఆ పొర పోతుంది. యూరప్‌లో దుకాణానికి వెళ్లే మొదటి రకం గుడ్లను కడగనివ్వరు. మా ఇంట్లో ఏనాడూ గంప దాటలేదు.

డల్లాస్ తెలుగు: ఇక్కడ దుకాణం గుడ్లు కడిగే వస్తాయి, అందుకే ఫ్రిజ్ తప్పదు. ఒకసారి చల్లబడిన గుడ్డును బయట వదిలేస్తే పెంకుకు చెమట పడుతుంది. ఆ తడితోనే సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి.

రాజమండ్రి పెంపకం: నల్గొండ రైతు గారూ, కడగవద్దన్న మాట పూర్తిగా ఒప్పుకుంటాను. మురికి ఉంటే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నా పేచీ గంప దగ్గరే. యూరప్ చలి వేరు, మన మే నెల వేరు. పైగా మీ పెరట్లో పుంజు తిరుగుతోందా? తిరుగుతుంటే ఆ గుడ్లలో జీవం ఉంటుంది. పొదగడానికి కావలసిన వేడి సుమారు 37.5 డిగ్రీలు. ఎండాకాలం మధ్యాహ్నం మన వంటిళ్లు దానికి ఎంత దూరం? పెట్ట కూర్చోకపోయినా పిండం ఎదగడం మొదలై, మధ్యలో చచ్చి, గుడ్డు మురుగుతుంది. అనుమానముంటే చీకటి గదిలో వెడల్పు కొనకు ఫోను లైటు ఆనించి చూడండి. ఎర్రటి నరాలు సాలీడు కాళ్లలా పరుచుకుని ఉంటే వంటకు పనికిరాదు.

తణుకు పెరడు గారూ, ఏ పూట గుడ్లు ఆ పూటే ఏరండి. పెంకు మీద పెన్సిలుతో తేదీ వేసి, సన్నని కొన కిందికి ఉండేలా అట్టలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కొత్తవి వెనక, పాతవి ముందు. పాతవాటిని ఉడికించి పులుసు పెట్టండి, పెంకు చక్కగా ఊడివస్తుంది. నిన్నటివి అట్టుకు బాగుంటాయి.

ఖమ్మం ఇల్లాలు: ఇంత ఎందుకండీ? నీళ్లలో వేస్తే తెలిసిపోదా?

రాజమండ్రి పెంపకం: అది వయసు మాత్రమే చెబుతుందమ్మా. తడి ఆరి లోపలి గాలి గది పెరిగేకొద్దీ గుడ్డు మొదట నిలబడుతుంది, తర్వాత తేలుతుంది. సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే సూక్ష్మజీవి ఉన్న తాజా గుడ్డు కూడా చక్కగా మునుగుతుంది. బాగా ఉడికించడమే దానికి విరుగుడు.

నల్గొండ రైతు: పుంజు లేని ఇంట్లో, చలికాలంలో కూడా ఫ్రిజ్ అంటే మాత్రం నేను ఒప్పుకోను.

రాజమండ్రి పెంపకం: డిసెంబరులో వారం పాటు గంపలో ఉంచండి, అడ్డు చెప్పను. మార్చి నుంచి వద్దు. పొదిగించదలచిన గుడ్లు మాత్రం ఏ కాలంలోనూ ఫ్రిజ్‌లో పెట్టకండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లని మూల చూసి ఉంచి, వారంలోపే పెట్ట కింద సర్దండి.