అప్‌డేట్: జేబు చాకు తోలు ఒర వదులు, తుప్పు రెండూ తగ్గాయి

ఒపినెల్ నంబర్ 8 అనే కార్బన్ స్టీలు మడత చాకుకి కుట్టిన ఒర వదులైపోతోంది, పైగా అలుగుకి తుప్పు చుక్కలు పడుతున్నాయి, ఏం చేయాలి అని అడిగాను. రెంటికీ కారణం తోలే. అది క్రోమ్ లవణాలతో పదును చేసిన (అంటే పచ్చి చర్మాన్ని కుళ్లని తోలుగా మార్చిన) మెత్తని తోలు. దానికి ఆకారం నిలవదు, అందులో మిగిలిన లవణాలు చెమ్మతో కలిసి కార్బన్ స్టీలును తింటాయి. చాకు మూసినా అలుగు వీపు బయటికే ఉంటుంది కదా, తుప్పంతా సరిగ్గా అక్కడే, తోలు రాసుకునే గీత వెంబడే.

ఈసారి తంగేడు బెరడు, కరక్కాయలతో పదును చేసిన 2 మి.మీ. తోలు తీసుకున్నాను. అంచుకి 4 మి.మీ. లోపల కుట్టు. 11 సెం.మీ. పిడిలో 9 లోపలికి, 2 పట్టుకోవడానికి పైకి. కుట్టాక గోరువెచ్చని నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, వంటింటి ప్లాస్టిక్ పొరలో గట్టిగా చుట్టిన చాకుని దూర్చి, పిడి వంపు వెంట వేళ్లతో నొక్కాలి. ఒక రోజంతా నీడలోనే ఆరనివ్వాలి. ఎండలో పెడితే తోలు పెళుసెక్కి మూతి దగ్గర చిట్లుతుంది.

నూనె మాత్రం వద్దు, మళ్లీ సాగుతుంది. పైపైన తేనెమైనం చాలు. వాడనప్పుడు చాకుని ఒరలోంచి తీసే ఉంచండి.