బార్సిలోనా జెర్సీ అనుకున్నా, అట్లాంటేది అట. ఈ జట్టు సంగతి ఎవరికైనా తెలుసా?

పటమట కుర్రాడు:
అన్నలకు నమస్కారం. హ్యూస్టన్‌లో ఉండే మా బావ ఈ వేసవి (2023) వచ్చినప్పుడు నాకో జెర్సీ తెచ్చాడు. నీలం, ముదురు ఎరుపు చారలు. బార్సిలోనాది అనుకుని లయోలా కాలేజీ గ్రౌండ్‌కి వేసుకెళ్తే, ఒకాయన బ్యాడ్జి చూసి "ఇది అట్లాంటే కదా, మెక్సికోలో రెండో డివిజన్ ఫుట్‌బాల్ జట్టు" అన్నాడు. బావతో పనిచేసే మెక్సికో ఆయన ఇచ్చాడట, వాళ్ల తాత నాటి నుంచీ ఆ ఇంట్లో అందరిదీ ఇదే జట్టట. వెతికితే మూడుసార్లు లీగ్ గెలిచారని ఉంది. 2021లో, 2022లో రెండో డివిజన్ కూడా గెలిచారు. మరి పై డివిజన్‌కి ఎందుకు వెళ్లలేదు?

గొల్లపూడి సెంటర్ బ్యాక్:
తమ్ముడూ, ఆ జెర్సీ జాగ్రత్తగా దాచుకో.

నేను ఈ జట్టు పేరు విన్నది 2009 డిసెంబర్‌లో. అప్పుడు అబుదాబీలో ఏసీ పని చేసేవాణ్ణి. క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్‌కి బార్సిలోనా వస్తోందని తెలిసి, క్యాంపు నుంచి నలుగురం మెస్సీ కోసం జాయెద్ స్పోర్ట్స్ సిటీకి వెళ్లాం. అవతలి జట్టు ఎవరో కూడా మాకు తెలీదు. ఐదో నిమిషంలో గిల్లెర్మో రోహాస్ గోల్ కొట్టేశాడు! ఆ ఏడాది ఆడిన ప్రతి కప్పూ గెలుస్తున్న బార్సిలోనా మీద అరగంట ఆధిక్యంలో నిలబడ్డారు. తర్వాత బుస్కెట్స్ సమం చేశాడు. మెస్సీ బెంచీ మీంచి దిగిన రెండు నిమిషాలకే కొట్టాడు, ఆ పైన పెద్రో. 3–1తో ఓడిపోయారు. కానీ నేను మెస్సీని చూడ్డానికి వెళ్లి, వాళ్ల గోల్‌కీపర్ ఫెదెరికో విలార్‌ని చూస్తూ ఉండిపోయా.

అప్పటి నుంచీ ఈ జట్టు గురించి ఎక్కడ ఏది దొరికినా చదువుతున్నా. 1916లో మెక్సికో సిటీ కుర్రాళ్లు మొదలుపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధం రోజులు కదా, జట్టు పేరు సినలోవా నుంచి మునిగిపోయిన ఓడ లుసితానియాకి, అక్కడి నుంచి జర్మన్ జలాంతర్గామి యూ-53కి మారింది. చివరికి అట్లాంటిక్ సముద్రంలో జరిగే పోరాటాల మీద అట్లాంటే అని పెట్టుకున్నారు. కూలీనాలీ జనం జట్టు. వాళ్ల ఛాయని బట్టి ఆటగాళ్లని 'ప్రియెతితోస్' అనేవారు, మనం 'నల్లోళ్లు' అని ముద్దుగా పిలిచినట్టు.

ఇప్పుడు నీ ప్రశ్న. 2014లో మొదటి డివిజన్ నుంచి కింద పడ్డారు. పడటం వాళ్లకి కొత్త కాదు. 1990లో పడ్డారు, మరుసటి ఏడాదే పైకొచ్చారు, 1993లో లా వోల్పే కోచింగ్‌లో ఫైనల్లో మాంటెర్రీని మొత్తం మీద 4–0తో కొట్టి దేశానికే ఛాంపియన్ అయ్యారు. కానీ 2020లో క్లబ్బులన్నీ కూర్చుని, కింది డివిజన్‌లో డబ్బుల్లేవని చెప్పి, పైకెక్కడం, కిందికి దిగడం రెండూ ఆపేశాయి. అందుకే 2021లో గెలిచినా, 2022లో గెలిచినా ఉన్నచోటే ఉన్నారు. 1990లో పడ్డాక ఈ నియమం వచ్చి ఉంటే 1993 కప్పు లేదు. ఇది తలుచుకుంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

అరండల్‌పేట, గుంటూరు:
గొల్లపూడి అన్న చెప్పింది నిజమే, ఒకటి కలుపుతా. 1930లో మొదటి వరల్డ్ కప్‌లో మెక్సికో తరఫున మొదటి గోల్ ఫ్రాన్స్ మీద కొట్టిన హువాన్ కార్రెన్యో అట్లాంటే ఆటగాడే.

కానీ తప్పంతా నియమానిదేనా? జనం రావట్లేదని 2007లో సొంత ఊరు వదిలి కాంకున్ వెళ్లిపోయారు కదా. బస్సులో ఇరవై గంటలు పైనే. బెజవాడ జట్టుని ముంబై తీసుకెళ్లి పెడితే మనం చూడ్డానికి వెళ్తామా? మన దగ్గర ఈ ఏడాదే రెండో అంచె లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిన రౌండ్‌గ్లాస్ పంజాబ్ పై లీగ్ ఐఎస్ఎల్‌కి వెళ్లింది, అలా ఆడి గెలిచి పైకెళ్లిన మొదటి జట్టు అది. దారి తెరిస్తే వెళ్లేవాళ్లు వెళ్తారు, ఒప్పుకుంటా. కానీ ఊరు పోగొట్టుకున్నది వాళ్లే.

గొల్లపూడి సెంటర్ బ్యాక్:
కాంకున్ వెళ్లిన మొదటి సీజన్‌లోనే ప్యూమాస్ జట్టుని ఓడించి లీగ్ గెలిచారు తమ్ముడూ. 2009లో కాంకకాఫ్ ఛాంపియన్స్ లీగ్ (ఉత్తర, మధ్య అమెరికా, కరేబియన్ క్లబ్బుల పోటీ) కూడా గెలిచారు, అబుదాబీకి వచ్చింది దానివల్లే. అయినా నీ మాట కాదనలేను. 2020లో మెక్సికో సిటీకి తిరిగొచ్చేశారు, ఎద్దుల పోరు కోసం కట్టిన ప్లాసా మెహికో పక్క స్టేడియానికి. పదమూడేళ్లు పరాయి ఊళ్లో ఉన్నా ఆ జట్టుని వదలని వాళ్లున్నారు. పటమట తమ్ముడూ, మీ బావ స్నేహితుడి ఇల్లు అలాంటిదే.

పటమట కుర్రాడు:
అన్నా, ఇదంతా బావకి పంపా. రోహాస్ గోల్‌ని స్టేడియంలో చూసినాయన మా ఊళ్లో ఉన్నాడని ఆ మెక్సికో ఆయనకి చెప్పాడట. మీ సైజు అడగమన్నాడు. ఎంత?

గొల్లపూడి సెంటర్ బ్యాక్:
ఎక్సెల్. వెనక విలార్ అని రాయించమను.