సమస్యాపూరణం: “చచ్చినట్టివాఁడు స్వాగతమిడె”

నిర్వాహకుఁడు:
కవిమిత్రులకు నమస్సులు. ఈ వారం పూరించవలసిన సమస్య ఇది.

చచ్చినట్టివాఁడు స్వాగతమిడె

ఛందస్సు ఆటవెలది. సమస్య నాలుగవ పాదంగా రావాలి, పొసగనట్టు తోచే ఆ మాట మీ మూఁడు పాదాలతో పొసగాలి. విషయం విషయంలో మాత్రం ఈసారి ఒక నియమం పెడుతున్నాను. అమెరికాలో ఎన్‌బీసీ 1960 సెప్టెంబరు నుండి 1962 దాకా ప్రసారం చేసిన ‘థ్రిల్లర్’ అనే భయకథల ధారావాహికను ఆధారం చేసుకొని పూరించాలి. వారానికొక కొత్త కథ, గంట నిడివి, నలుపు తెలుపుల చిత్రీకరణ, మొత్తం 67 కథలు. ఇవన్నీ 2010లో 14 డిస్కుల పెట్టెగా వెలువడ్డాయి. మన సభ్యులలో చాలమంది ఆ పెట్టె కొన్నవారో, అమెరికాలోని బంధువుల చేత తెప్పించుకొన్నవారో కనుక కథలను మళ్ళీ చూసి వ్రాయడం కష్టం కాదు. ఆ కాలంలో మనవాళ్ళు దీనిని ఇంట్లో చూసే వీలే లేదు. హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం వచ్చినదే 1977లో. అందువలన మనకు ఈ ధారావాహికతో పరిచయమంతా డిస్కుల ద్వారా కలిగినదే.

సమస్యను ఇలా ఎందుకు ఇచ్చానో చెప్పాలి. ప్రతి కథలోనూ తొలి ఘట్టం ముగియగానే ఆ ధారావాహికకు ఆతిథేయియైన నటుఁడు బోరిస్ కార్లాఫ్ తెరమీదికి వచ్చి, నటుల పేర్లు చెప్పి, మనలను లోపలికి పిలుస్తాడు. ఆయన 1969లో మరణించాడు. నిన్న రాత్రి మా ఇంట్లో మళ్ళీ పిలిచాడు.

సభ్యుఁడు (నెల్లూరు):
గురువుగారికి నమస్కారములు. పూరణకు ముందు ఒక సందేహం. పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో పొంతన, అంటే యతి, కుదరాలి కదా. ‘చ’కు ‘స్వా’తో యతి చెల్లుతుందా?

నిర్వాహకుఁడు:
చెల్లుతుంది. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది. అకార ఆకారాలకూ మైత్రి ఉంది. సంయుక్తాక్షరంలో ఏ హల్లుతోనైనా యతి పాటించవచ్చును కనుక ‘స్వా’లోని సకారం ఇక్కడ సరిపోయింది.

సభ్యుఁడు (కాకినాడ):
నా పూరణ.

వెండి చక్రమందు వెలుగొందు నీడయై
బోరిసనెడి నటుఁడు పొలుపు మీఱ
నైదుపదుల యేండ్ల కావల మరణించి
చచ్చినట్టివాఁడు స్వాగతమిడె

నిర్వాహకుఁడు:
ఆర్యా! డిస్కును ‘వెండి చక్రము’ అనడం చాల బాగున్నది. వెండితెరకు అలవాటుపడిన చెవికి ఆ మాట వెంటనే అందుతుంది. ‘బోరిసనెడి నటుఁడు’ అన్నారే, ఆ ‘అనెడి’ మీరు గణం కోసం వేశారో తెలిసి వేశారో కాని, సరిగ్గా అతికింది. ఆయన అసలు పేరు విలియమ్ హెన్రీ ప్రాట్. లండన్‌లో 1887లో పుట్టినవాఁడు. తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉప్పు సుంకాల శాఖలో పనిచేసినవాఁడు. “నా పేరు బోరిస్ కార్లాఫ్ అన్నది ఎంత నిజమో, ఇది థ్రిల్లర్ అన్నది అంత నిజం” అని ఆయన తెరమీద పలికినప్పుడు, ఆ ప్రమాణం పెట్టుకొన్న పేరు మీద చేసినదే. మళ్ళీ చూసేటప్పుడు ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను.

ఇక దోషం. ‘మరణించి చచ్చినట్టివాఁడు’ అనడంలో పునరుక్తి ఉంది. మూఁడవ పాదాన్ని “నైదుపదుల యేండ్ల కావల నెప్పుడో” అని మార్చండి. ‘ఎప్పుడో చచ్చినట్టివాఁడు’ అని అన్వయం సూటిగా కుదురుతుంది, గణయతులు చెడవు.

సభ్యుఁడు (కాకినాడ):
ధన్యోఽస్మి. సవరించుకొన్నాను.

సభ్యురాలు (హూస్టన్):
గురువుగారికి వందనములు. ‘ది హంగ్రీ గ్లాస్’ కథ మీద వ్రాయాలని కూర్చున్నాను. 1961 జనవరి 3న ప్రసారమైన కథ అది. విలియమ్ షాట్నర్ నటించాడు. అద్దమన్నదే లేని ఇల్లు, అటకమీది తలుపు వెనుక దాచిన అద్దాలు, తన అందం చూసుకొంటూ అద్దంలోనే మిగిలిపోయిన ఒక స్త్రీ. పదునాలుగేళ్ళ క్రితం చూసినప్పుడు అద్దంలో కనిపించే ఆకారానికి భయపడ్డాను. ఈసారి చూస్తే, గోడ మీద అద్దం ఉండవలసిన చోట ఏమీ లేకపోవడమే ఎక్కువ భయపెట్టింది. అయితే సమస్యలో ‘వాఁడు’ ఉన్నది. ‘చచ్చినట్టి యామె’ అని మార్చుకోవచ్చునా?

నిర్వాహకుఁడు:
అమ్మా! సమస్యాపాదాన్ని మార్చరాదు. ముందు అక్షరాలు చేర్చి అర్థం తిప్పుకోవచ్చును, లోపలి అక్షరాన్ని కదపకూడదు. ఆ కథను వేరే పద్యంగా వ్రాయండి, తప్పక చదువుతాను. గోడ మీది ఖాళీ గురించి మీరు చెప్పిన మాటలోనే సగం పద్యం ఉంది.

సభ్యుఁడు (వరంగల్లు):
‘పిజన్స్ ఫ్రమ్ హెల్’ కథను అనుసరించి నా పూరణ. దక్షిణాది రాష్ట్రాలలో పాడుబడ్డ ఒక బంగళా. దారిలో కారు చిక్కుకొన్న ఇద్దరు సోదరులు ఆ రాత్రికి అందులో తలదాచుకొంటారు. మేడమీదికి వెళ్ళినవాఁడు తల పగిలి, చేత గొడ్డలితో దిగివస్తాడు.

సోదరుండు మేడ శోణితధారతో
మెట్లు దిగుచు వచ్చె మెల్లమెల్ల
గొడ్డలొకటి చేతఁ గొని యెదురేఁగుచుఁ
జచ్చినట్టివాఁడు స్వాగతమిడె

నిర్వాహకుఁడు:
గణయతులు నిర్దోషం. ‘ఎదురేఁగుచు’ అన్న మాటకు మీకు నమస్కరిస్తున్నాను. ఇంటికి వచ్చిన అతిథికి, పెండ్లికి వచ్చిన వియ్యాలవారికి ఎదురేగుతాం. ఆ మర్యాద మాటను గొడ్డలి పక్కన నిలబెట్టడంతో పద్యం ఒళ్ళు జలదరింపజేస్తున్నది. ‘మెల్లమెల్ల’ కూడ ఆ దృశ్యం నడకను పట్టుకొన్నది.

అయినా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. సమస్యలోని అసంబద్ధతను మీరు విప్పలేదు. చచ్చినవాఁడు స్వాగతం ఎలా ఇస్తాడు అన్న ప్రశ్నకు ‘ఇచ్చాడు’ అన్న జవాబే పద్యంలో ఉంది. అది కథ చెప్పడం అవుతుంది కాని పూరణ పూర్తిగా కాలేదు.

సభ్యుఁడు (వరంగల్లు):
గురువుగారూ, సవినయంగా నా వాదం వినిపిస్తాను. ఆ కథ ముగింపులో కారణం చెప్పారు, శాపగ్రస్తమైన ఆ ఇంటి పూర్వకథ అంతా వస్తుంది. కాని నాకు ఆ వివరణ గుర్తుండలేదు, మెట్లమీది అడుగులే గుర్తున్నాయి. రెండవసారి చూసినప్పుడూ వివరణ వచ్చేటప్పటికి భయం తగ్గిపోయింది. భయకథను విప్పితే భయం చచ్చిపోతుందని భావించి విప్పకుండా వదిలాను.

నిర్వాహకుఁడు:
మీ మాట కాదనలేను. భయకథకూ సమస్యాపూరణానికీ పుట్టుక ఒకటే. రెండూ జరగరానిది జరిగినట్టు చెప్పి మొదలవుతాయి. అక్కడినుండి దారులు వేరు. కథకుడు ముడిని ఎంతసేపు విప్పకుండా ఉంచగలిగితే అంత గొప్పవాఁడు, పూరణకర్త ఒక్క మాటతో విప్పగలిగితే గొప్పవాఁడు. మీరు కథకుని పక్షం వహించారు. పద్యంగా మెచ్చుకొంటున్నాను, పూరణగా సగం మార్కులే వేస్తున్నాను. మీకు ఇంకొక దారి ఉంది: ఆ కథా రచయిత రాబర్ట్ హోవర్డ్ 1936లో మరణించాడు, కథ 1938లో అచ్చయింది. చచ్చినవాఁడు పాఠకునికి స్వాగతమిచ్చాడని ఆ వైపునుండి పూరిస్తే ముడి దానంతట అదే విడిపోతుంది. ప్రయత్నించండి.

సభ్యుఁడు (తెనాలి):
పద్యవిద్యకు కొత్తవాణ్ణి. తప్పులు దిద్ద ప్రార్థన. కార్లాఫ్ కొన్ని కథలలో స్వయంగా నటించాడు కదా. వానిలో 1962 ఫిబ్రవరిలో వచ్చిన ‘ది ఇన్‌క్రెడిబుల్ డాక్టర్ మార్కేసన్’ను తీసుకొన్నాను.

ఆలితోడ వచ్చి యాశ్రయమడిగిన
మేనయల్లుఁ గాంచి మెల్లఁగాను
చీఁకటింటిలోన దీపమ్ము చేఁబూని
చచ్చినట్టివాఁడు స్వాగతమిడె

నిర్వాహకుఁడు:
కొత్తవారని అనిపించలేదు నాయనా. ధార బాగున్నది. మూఁడవ పాదంలో యతి తప్పింది. ‘చీ’కి ‘దీ’తో అచ్చు కలిసింది కాని హల్లు కలవలేదు, చకారానికి దకారంతో మైత్రి లేదు. “చీఁకటింటిలోనఁ జిఱుదివ్వె చేఁబూని” అంటే సరిపోతుంది, పైగా దీపం చిన్నదయ్యేకొద్దీ ఇల్లు పెద్దదవుతుంది. ఆ కథలో నీడలను చూశారు గదా! మార్కేసన్ ముఖం సగమే కనిపిస్తుంది, మిగిలిన సగం మనం ఊహించుకొంటాం. పెద్ద తెర మీద కాంతిని పెంచి చూసేవారికి ఒక మాట: ఈ ధారావాహికను చూసేటప్పుడు ఆ పని చేయవద్దు. నలుపును నలుపుగానే వదిలివేయండి.

సమస్య మీ పద్యంలో ఉన్నదున్నట్టుగా నిజమైంది. ఆ వైద్యుఁడు నిజంగానే చచ్చినవాఁడు, అతిథులను ఇంటిలోనికి రానిచ్చినవాఁడూ అతఁడే. కాని కథ తెలియని పాఠకునికి అది తెలిసే మాట ఒక్కటీ పద్యంలో లేదు. కథను ఆశ్రయించినా పద్యం తన కాళ్ళమీద తాను నిలబడాలి.

సభ్యురాలు (హూస్టన్):
గురువుగారూ, అద్దం కథను పక్కనపెట్టి వేరొక పూరణ పంపుతున్నాను.

నిన్న రేయిఁ జూచి నిద్దుర రాకయే
దీపమార్పలేక దిగులుతోడ
మిత్రతతికి నేఁడు, మిక్కిలి భయమునఁ
జచ్చినట్టివాఁడు, స్వాగతమిడె

నిర్వాహకుఁడు:
అమ్మా! ఈ వారం నేను ఎదురుచూసిన పూరణ ఇదే. ‘భయంతో చచ్చాను’ అని మనం ఇంట్లో రోజూ అనుకొనే మాటను తెచ్చి ముడి విప్పారు. చచ్చినవాఁడు బ్రతికే ఉన్నాడు, స్వాగతమూ సహజంగా ఉంది, ఎవరూ సమాధినుండి లేవలేదు. అంతకంటె ముఖ్యం, ఇందులో డిస్కు చూసేవాని స్వభావం ఉంది: నిన్న దీపం ఆర్పలేనివాఁడు నేఁడు మిత్రులను పిలిచి అదే కథ పెడతాడు. నేనూ అలా పిలిచినవాణ్ణే. మా ఇంటికి వచ్చినవారికి మొదటి నెలల కథలు చూపించను. అవి చాలవరకు నేరకథలు, ధారావాహిక తన దారి కనుగొనక ముందువి. డిస్కులో వరుస మన చేతిలోనే ఉంటుంది కనుక నేరుగా ‘ది గ్రిమ్ రీపర్’ పెడతాను. జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం ఉన్న కథలను మాత్రం ఒక్కణ్ణే కూర్చొని ఇంకొకసారి వింటాను.

మూఁడవ పాదంలో ‘మిత్రతతికి’ అన్నది ‘స్వాగతమిడె’కు దూరమైంది. మీరు పెట్టిన విరామ చిహ్నాలు లేకపోతే పాఠకుఁడు తడబడతాడు. దూరాన్వయమే కాని దోషం కాదు.

నా పూరణను కూడ మీ ముందుంచుతున్నాను. 1931లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రంలో శవాలనుండి పుట్టిన ప్రాణిగా పేరు పొందినవాఁడే ఈ ఆతిథేయి అన్న విషయం ఆధారం.

నాఁడు శవపు తునక నరరూపమైనట్టి
బొమ్మలోన నటుఁడు పొగడఁబడియె
నల్లకోటు దొడిగి నవ్వుచు నరుదెంచి
చచ్చినట్టివాఁడు స్వాగతమిడె

సభ్యుఁడు (నెల్లూరు):
గురువుగారూ, క్షమించాలి. ఒక్క తునక నరరూపం ఎలా అవుతుంది? అనేక శవాల భాగాలు కలిపి కుట్టినదే కదా ఆ ఆకారం. ‘తునకలు’ అని బహువచనం ఉండాలనుకొంటాను.

నిర్వాహకుఁడు:
మీ ఆక్షేపణ సరియైనదే. గణం కోసం ఏకవచనంతో సరిపెట్టుకొన్నాను, అలా చేయకూడదు. మొదటి పాదాన్ని ఇలా మారుస్తున్నాను.

నాఁడు శవములతికి నరరూపమైనట్టి

ఇప్పుడు అతుకులూ కనిపిస్తున్నాయి, యతీ నిలిచింది. కృతజ్ఞుణ్ణి. పూరణలు రేపు రాత్రి దాకా స్వీకరిస్తాను.