జాబ్ చేస్తూ ఇగ్నోలో ఎంఏ… చదవడానికి టైమ్ ఎక్కణ్ణించి తెస్తున్నారు?

గుంటూరు టీచర్:
అందరికీ నమస్తే అండి. ప్రైవేట్ స్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను, జనవరి సెషన్‌లో ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్ జాయినయ్యా. పుస్తకాల పార్సిల్ వచ్చినప్పుడు మాంచి ఊపు మీదున్నా, అన్నిటికీ అట్టలు కూడా వేశా, అంతే, అక్కడితో ఆగింది. స్కూల్ నుంచి వచ్చి పాప హోంవర్కు, వంట, గిన్నెలు, ఆ పైన యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేసరికి పది దాటుతుంది, అప్పుడు పుస్తకం తీస్తే చదివిన పేరానే మళ్లీ మళ్లీ చదువుతున్నా గానీ బుర్రకెక్కట్లేదు. ఆదివారమంటే చుట్టాలో ఫంక్షనో. మా అత్తగారు "ఇప్పుడీ చదువు దేనికమ్మా" అంటుంటారు, ఒక్కోసారి నాకూ అదే అనిపిస్తోంది. డిసెంబర్‌లో నాలుగు పేపర్లున్నాయి, అసైన్‌మెంట్లు ముట్టుకోలేదు. పూర్తి చేసినవాళ్లు ఎలా చేశారో చెప్పండి ప్లీజ్. తెల్లారుజామున నాలుగింటికి లేవమని మాత్రం చెప్పకండి :)

క్యాష్ కౌంటర్:
నాలుగూ ఒకేసారి రాయమని ఎవరన్నారు మేడమ్? ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మా బ్యాచ్‌లో ఎంఈజీ (అంటే ఎంఏ ఇంగ్లిష్) పేపర్ ఒక్కోటి 8 క్రెడిట్లు, అంటే 240 గంటలు, నాలుగు కలిపితే 960. ఏడాదంతా ఒక్కరోజు మానకుండా చదివినా రోజుకి రెండున్నర గంటల పైమాటే, జాబ్ చేసేవాళ్లకి అదెక్కడ కుదురుతుంది. రెండేళ్ల కోర్సుకి నాలుగేళ్ల దాకా టైమ్ ఇచ్చిందే అందుకు. డిసెంబర్‌కి రెండింటికే ఫీజు కట్టండి, మిగతావి జూన్‌లో.
ఇంకోటి, అసైన్‌మెంట్‌కి 30 శాతం వెయిటేజీ, అవి జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్‌గా కొని ఎక్కించేవాళ్లు బోలెడుమంది, ఆ పని చెయ్యొద్దు. పాత క్వశ్చన్ పేపర్లు ఇగ్నో సైట్‌లోనే ఉంటాయి, పక్కన పెట్టుకుని చూడండి, అసైన్‌మెంట్‌లో అడిగినవే కాస్త అటూ ఇటూగా పరీక్షలో కనబడతాయి. సొంతంగా రాస్తే సగం ప్రిపరేషన్ అయిపోయినట్టే.

వైజాగ్ అక్క:
వాయిదా సలహా నాకు నచ్చలేదు తమ్ముడూ. జూన్‌లో పిల్లకి జ్వరమో ఇంట్లో పెళ్లో వచ్చిందనుకో, ఆ రెండూ డిసెంబర్‌కి పోతాయి, అప్పటికి సెకండ్ ఇయర్‌వి నాలుగు వచ్చి కూర్చుంటాయి, మొత్తం ఆరు. మా స్టడీ సెంటర్లో అక్కడే వదిలేసినవాళ్లని చాలామందిని చూశా. కనీసం మూడు రాయి అమ్మా.
రాత్రి పదింటికి కొత్త పాఠం చదవకు, ఎక్కదు. ఆ టైమ్‌లో అసైన్‌మెంట్ ఫెయిర్ చేసుకో, చెయ్యి పనిచేస్తే చాలు. చదివేది లీజర్ పీరియడ్‌లో, స్కూల్ బస్సులో. ఇగ్నో వాళ్ల ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఇవే పుస్తకాలు పీడీఎఫ్‌లు ఫ్రీగా ఉన్నాయి, ఫోన్‌లో వేసుకో.

నెట్ బాధితుడు:
అసలు ఎంఏ ఎందుకో ముందు తేల్చుకోండి. ఇగ్నోలో పాస్ మార్కు 40 శాతం, కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయాలంటే జనరల్ వాళ్లకి పీజీలో 55, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీలకి 50 ఉండాలి. లెక్చరర్ అవ్వాలనుంటే గట్టెక్కితే చాలు అనుకుని చదవడం దండగ. మీ స్కూల్లో జీతం పెరుగుతుందనైతే… మేనేజ్‌మెంట్ వాళ్లు కంగ్రాట్స్ మేడమ్ అంటారు, అంతకుమించి ఏం చెయ్యరు.

గుంటూరు టీచర్:
హహ, మా వాళ్లయితే కంగ్రాట్స్ కూడా అనరు. నెట్ రాయాలనే ఉందండి, 55 సంగతి ఇప్పుడే తెలిసింది, థ్యాంక్స్. అక్కా, మూడంటే భయమేస్తోంది, ప్రస్తుతానికి రెండే రాస్తా, ఏవి ముందు తీసుకోను?

క్యాష్ కౌంటర్:
లాంగ్వేజ్ పేపర్, డ్రామా. క్లాసులో రోజూ గ్రామర్ చెప్పేవాళ్లు కాబట్టి లాంగ్వేజ్ మీకు తొందరగా పట్టుబడుతుంది. నావెల్ పేపర్ మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి, అన్నీ లావుపాటి నవలలు, గైడ్ చదివి రాస్తే 55 రాదు. అది జూన్‌కి పెట్టుకుంటే ముందు మీకెలాగూ వేసవి సెలవులు.

వైజాగ్ అక్క:
సెలవుల్లో అడ్మిషన్ల క్యాంపెయిన్ అని ఊళ్లు తిప్పకపోతే :)