అప్‌డేట్: ఏప్రిల్ చివర్లో ఎల్లోస్టోన్ వెళ్లొచ్చాం

అమ్మానాన్నలతో ఏప్రిల్ ఆఖరి వారంలో సాల్ట్ లేక్ సిటీ నుంచి అమెరికాలోని గ్రాండ్ టెటాన్, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులకు కారులో వెళ్లొచ్చా అని ఇక్కడ అడిగాను కదా. జూన్ దాకా ఆగమన్నవాళ్లే ఎక్కువ. ఆగలేదండీ, వెళ్లొచ్చేశాం.

ఎల్లోస్టోన్ దక్షిణ గేటు మే రెండో వారం దాకా తెరవరని చెప్పినవాళ్లకు దండం. లేకపోతే టెటాన్ పక్కనున్న జాక్సన్ ఊరి నుంచి నేరుగా పోయి గేటు చూసి వెనక్కి తిరిగేవాళ్లం. టెటాన్ పాస్ అనే కొండ కనుమ ఎక్కి (8,431 అడుగులు, 10 శాతం వాలు, నాన్న పైనున్న హ్యాండిల్ వదిలితే ఒట్టు), ఐడహోలో డ్రిగ్స్, యాష్టన్ మీదుగా పడమటి గేటు దగ్గరి ఊరు వెస్ట్ ఎల్లోస్టోన్ చేరాం. దారిలో ఊళ్లలో చాలా హోటళ్లు మూతే. రెండు పూటలు అమ్మ పులిహోరే దిక్కయింది.

గ్రాండ్ టెటాన్‌ లోపలి టెటాన్ పార్క్ రోడ్డులోకి మే 1 దాకా కార్లను రానివ్వరు. మొదట విసుక్కున్నా, కానీ ఆ ఖాళీ రోడ్డు మీద అమ్మానాన్నలిద్దరూ శాలువాలు కప్పుకుని తీరిగ్గా నడిచారు.

ఎల్లోస్టోన్‌లో మాడిసన్ నది పక్కన ఇటుక రంగు బైసన్ (అమెరికా అడవి దున్న) దూడ, తల్లి పొట్ట కింద దూరి పాలు తాగుతోంది. "అచ్చం మన లేగదూడే" అంటూ అమ్మ కారు దిగబోయింది. 25 గజాల దూరం రూలు చెప్పి ఆపాను. వేడినీళ్లు పైకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ గురించి ఎవరడిగినా అమ్మ ఆ దూడ కథే చెబుతోంది.