ఇంటెన్సివ్ ప్రొబేషన్, జైలు పోలిక: మధ్యలో మళ్లీ లోపలికి వెళ్లినవాళ్లను ఎలా లెక్కించాలి?

అమెరికాలో ఫెలనీ (తీవ్రమైన నేరాల) కేసుల్లో జైలుకు బదులు వేసే ఇంటెన్సివ్ ప్రొబేషన్ (బయటే ఉంచి గట్టి నిఘా పెట్టడం) మీద థీసిస్ చేస్తున్నాను. జార్జియా 1982లో మొదలుపెట్టిన తరహా: పాతికమందికి ఇద్దరు అధికారులు, వారానికి ఐదుసార్లు ముఖాముఖి, రాత్రి కర్ఫ్యూ. నా దగ్గరున్నది పేర్లు తీసేసిన కోర్టు డేటా.

ఏడాదిలో మళ్లీ అరెస్టయినవాళ్లను మొదట శిక్ష పడ్డ రోజు నుంచి లెక్కేశాను. లోపల ఉన్నవాణ్ణి మళ్లీ ఎవరు అరెస్టు చేస్తారు? సహజంగానే జైలు గుంపు మెరుగ్గా కనిపించింది. వాళ్లకు మాత్రం విడుదల రోజు నుంచి లెక్కేస్తే ఫలితం తిరగబడింది. వయసు, పాత కేసులు, నేరం రకం చూసి ప్రొపెన్సిటీ స్కోరుతో (ఏ శిక్ష పడే అవకాశం ఎంతో చెప్పే అంచనా) రెండు గుంపుల్లో ఒకేలాంటివాళ్లను జతలు కట్టినా అంతే.

అసలు తలనొప్పి ప్రొబేషన్ నిబంధనల ఉల్లంఘన. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 14 కార్యక్రమాల్లో లాటరీ పద్ధతిలో చేసిన అధ్యయనంలో, ఏడాదిలో మళ్లీ అరెస్టయినవాళ్లు ఇంటెన్సివ్ గుంపులో 37 శాతం, మామూలు నిఘాలో 33. నిబంధన తప్పినవాళ్లు మాత్రం 65, 38! కళ్లు ఎక్కువైతే దొరికేదీ ఎక్కువే మరి. నా డేటాలో అలా ప్రొబేషన్ రద్దయి జైలుకెళ్లినవాళ్లను కాక్స్ మోడల్‌లో (అరెస్టుకు ఎంతకాలం పట్టిందో పోల్చే పద్ధతి) ఆ రోజుతో సెన్సార్ చేశాను, అంటే అక్కడితో వాళ్ల లెక్క ఆపేశాను. కానీ ఎక్కువ రిస్కున్నవాళ్లే అలా జారిపోతున్నారని అనుమానం.

రద్దును పోటీ సంఘటనగా (అరెస్టు కంటే ముందే జరిగి దాన్ని అడ్డుకునేదిగా) పెట్టి క్యుములేటివ్ ఇన్సిడెన్స్ (ఫలానా రోజుకల్లా అరెస్టయ్యే వాటా) చూడాలా, లేక లోపల గడిపిన రోజులు తీసేసి బయట ఉన్న రోజుల మీదే అరెస్టులు లెక్కించాలా?